నాలుగు మడతల మచ్చు

పగటిపూట పడుకునే ఆడదాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు మండదు. ఎందుకు మండదో చెప్పాలంటే నేను చేసిన పని చెప్పాలి. అది చెప్పాక నన్ను మంచిదాన్నని ఎవరూ అనరు, అనక్కర్లేదు.

మాది మిర్యాలగూడలో బియ్యం కొట్టున్న ఇల్లు. కింద కొట్టు, వెనక వంటిల్లు, పైన గదులు. పెద్దకోడలిగా అడుగుపెట్టిన నాటి నుంచి పన్నెండేళ్ళు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచాను. మధ్యాహ్నం కన్ను మూతపడితే చాటలో బియ్యం పోసుకుని దాని ముందే కునికేదాన్ని, ఎవరైనా వస్తే రాళ్ళు ఏరుతున్నట్టు కనపడాలని. అలాంటి ఇంటికి మా మరిది పెళ్ళాం వచ్చింది. సూర్యాపేటలో ఓ ప్రైవేటు దవాఖానలో నర్సు. రాత్రి డ్యూటీ చేసి, పొద్దున్నే బస్సెక్కి, పదింటికి ఇల్లు చేరి, నాలుగు ముద్దలు తిని పైకెళ్ళి తలుపేసుకునేది. సాయంత్రం నాలుగింటిదాకా దిగేది కాదు. ఆ తలుపు పడ్డ చప్పుడు వంటింట్లో నాకు రోజూ వినపడేది.

ఆమె గది పడమటి ముఖం. మే నెలలో ఒంటిగంట దాటితే ఎండ కిటికీలోంచి దిగి మంచం మీదే కూర్చునేది. ఆమె కిటికీకి పాత చీర కట్టింది. దాని మీద దుప్పటి కట్టింది. చివరికి కొట్లోంచి ఖాళీ గోనెసంచులు తెచ్చి తడిపి కట్టింది. అవి గంటలో ఎండిపోయి గదంతా దుమ్ము, తవుడు వాసన. ఇక లాభం లేదని అత్తమ్మను అడిగింది, గది చీకటయ్యేలా తెర ఒకటి పెట్టించమని.

"ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదంటరు. నీ నిద్రకు తెరలు కావాల్నా?" అంది అత్తమ్మ.

మరిది పట్టుబట్టాక ఒప్పుకుంది గానీ రెండు షరతులు పెట్టింది. కొట్టున్న ఇంటి కిటికీకి నల్లగుడ్డ వేలాడకూడదు. ఏది కొనాలో పెద్దకోడలే చెప్పాలి. ఆ రెండోది విని మా యారాలి మొహం విప్పారింది. తోడికోడలిని కదా, అక్కయితే మంచిదే అంది.

తెరల షాపు కోదాడలో మా దూరపు చుట్టాలది. బయటివాళ్ళ దగ్గర కొంటే మా మామయ్యకు తిన్నది అరగదు. నేను హుజూర్‌నగర్ మీదుగా బస్సులో వెళ్ళాను. ఆమె డ్యూటీ దిగి సూర్యాపేట నుంచి నేరుగా అక్కడికే వచ్చింది. గోడ పక్క స్టూలు మీద కూర్చుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, నువ్వే చూడక్కా, నాకు కళ్ళు నిలవట్లేదంటూ తల గోడకు ఆనించింది.

షాపాయన ముందుగా పైకి చుట్టుకునే మందపు తెర చూపించాడు. నల్లది. నల్లది వద్దన్నాను.

"క్రీం కలర్లో కూడా ఉందండీ. వెనకాల పూత ఉంటుంది. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాల్సిందే," అన్నాడు.

రెండోది జీబ్రా తెర. ఒక పట్టీ మందం, ఒక పట్టీ వల. పట్టీ మీద పట్టీ ఎంత సర్దినా సందుల్లోంచి ఎండ వస్తుందని, అది హాలుకు అందమే గానీ పడుకునే గదికి పనికిరాదని ఆయనే చెప్పాడు, పాపం.

నేను స్టూలు వైపు చూశాను. ఆమె మెడ ఓ పక్కకు వాలింది, కళ్ళు మూతలు పడ్డాయి. పన్నెండేళ్ళలో నేను నలుగురి ముందు అలా కళ్ళు మూసిన రోజు లేదు. నిజానికి నా కోపం అత్తమ్మ మీద. అత్త మీద కోపం దుత్త మీద చూపడం అంటారే, ఆ దుత్త ఆ రోజు నా ఎదురుగా స్టూలు మీద ఉంది. జీబ్రాదే ఇవ్వమన్నాను.

ఆయన కొలతలు రాసుకుంటుంటే ఆమె కళ్ళు తెరిచింది.

"చీకటైతదా అక్కా?"

మా మామయ్య బస్తా కొనేటప్పుడు ఇనుప గొట్టం బస్తా కడుపులోకి గుచ్చి మచ్చు తీస్తాడు. మూతి దగ్గరి బియ్యం చూసి కొన్నవాడు మునిగినట్టే. ఆ కొట్టు వెనక పన్నెండేళ్ళు బతికిన నాకు మచ్చు ఎలా చూడాలో తెలుసు, ఎలా చూపిస్తే అవతలివాళ్ళు మోసపోతారో కూడా తెలుసు. షాపాయన మచ్చుకిచ్చిన జీబ్రా ముక్కను నాలుగు మడతలు పెట్టాను. వల పట్టీ మీదికి మందపు పట్టీ వచ్చేలా సర్దాను. ట్యూబులైటుకు అడ్డం పెట్టి చూపించాను. చుక్క వెలుతురు రాలేదు.

"అయితది," అన్నాను.

తెర బిగించిన మర్నాడు మధ్యాహ్నం పైకెళ్ళి తలుపు సందులోంచి చూశాను. ఎండ చారలు చారలుగా ఆమె మొహం మీద, మెడ మీద పడుతోంది. దిండు కళ్ళకు అదుముకుని అటు తిరిగింది, ఇటు తిరిగింది. నాకు తృప్తిగా అనిపించింది. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ అనిపించింది. కిందికొచ్చి, అవసరం లేకపోయినా, మిక్సీలో పప్పులపొడి కొట్టాను.

మూడు వారాలకు మనిషి సగమైంది. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి వంటింటి గడప దగ్గర కూలబడింది. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. ఓ ముసలాయనకు ఇవ్వాల్సిన సూది పక్క బెడ్డాయన చేతికి గుచ్చబోయిందట. ఆఖరి నిమిషంలో చీటీ చూసుకుందట. కళ్ళు తెరిచే ఉన్నా ఎదురుగా ఉన్నది ఎవరో పోల్చుకోలేకపోయిందట.

"నిద్రలేకనే గిట్లయితంది. ఎవ్వరికి చెప్పకక్కా. ఆ కొలువు పోతే నేనుండలేను."

నీళ్ళిచ్చాను. వీపు నిమిరాను. సాయంత్రానికల్లా ఆ ముక్క అత్తమ్మ చెవిన వేశాను. రేపు ఎవరి ప్రాణమైనా పోతే కేసులని, కొట్టు పేరు బజారున పడుతుందని నా సొంతంగా ఇంకో రెండు కలిపాను. అత్తమ్మ మామయ్యకు చెప్పింది, మామయ్య మరిదిని కూర్చోబెట్టాడు. నెలాఖరుకు ఆమె కొలువు ఖతం.

ఆమెను నాలుగున్నరకు లేపే పని అత్తమ్మ నాకే అప్పజెప్పింది. నేను తలుపు కొట్టగానే లోపలి నుంచి జవాబొచ్చేది. ఏళ్ళ తరబడి రాత్రిళ్ళు మేలుకున్న ఒళ్ళు, రాత్రి నిద్ర పట్టేది కాదు. పగలు పడుకోనిచ్చేవాళ్ళు ఎలాగూ లేరు. నాకు చేతికింద మనిషి దొరికింది. నాకు కావలసింది అదేనేమోనని అప్పుడప్పుడూ అనుకునేదాన్ని. అయినా సుఖంగా అనిపించలేదు.

ఈ వేసవిలో ఒక మధ్యాహ్నం ఇద్దరం చెరో చాట ముందు పెట్టుకుని బియ్యం ఏరుతున్నాం. నాకు కునుకు పట్టి చాట ఒరిగింది. ఆమె అందుకుని పట్టుకుంది.

"నేనా రోజు స్టూలు మీద నిద్రపోలేదక్కా," అంది మెల్లగా. "కళ్ళు మూసుకున్న, అంతే. క్రీం కలర్ల ఉన్నదని ఆయన చెప్తుంటె విన్న."

ఆమె చేతిలోంచి నా చాట అందుకున్నాను. మరి అప్పుడే ఎందుకు అనలేదని అడిగాను.

"నువ్వే అంటవని సూసిన. చీకటైతదా అని అడిగింది గందుకే."

ఆమె గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది. అంతా తెలిసీ సూది సంగతి నాకెందుకు చెప్పావని అడిగాను. ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది.

"ఇంకెవరున్నరక్కా ఈ ఇంట్ల?" అంది.

తర్వాత నా చాటలోని బియ్యం తన చాటలోకి ఒంపుకుని, గోడ వైపు జరగమని నాకు సైగ చేసింది.

"జరసేపు పండుకో. అత్తమ్మ వస్తే నేను లేపుత."

నేను గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాను. ఆమె ఏరి పడేస్తున్న ఒక్కొక్క రాయి చప్పుడూ వింటూనే ఉన్నాను. అత్తమ్మ చెప్పుల చప్పుడయ్యాక ఆమె నా భుజం తట్టింది.