బర్రె మీద పెట్టిన నింద

అండాలుకు ఊళ్లో రెండు పేర్లు. గోడకు ఎర్రమట్టి జాజు పూయడంలో ఆమె చేతికి తిరుగులేదన్నది ఒకటి. యారాలు కరుణ ఏం చేసినా ఓర్వలేదన్నది రెండోది. రెండూ నిజమే.

కరుణ ఆమె మరిది ఎల్లేష్ భార్య. ఇద్దరివీ పక్కపక్క వాకిళ్లు. కరుణ కొత్త చీర కడితే ఆ పూట అండాలుకు అన్నం సయించదు. కరుణ చేసిన పచ్చిపులుసు బాగుందని ఎవరైనా అంటే, ఉప్పెక్కువైందని నలుగురికి చెప్పి వస్తే గాని కడుపుమంట తగ్గదు. ఇద్దరికీ ఉమ్మడిగా దక్కింది ఒక్కటే, అన్నదమ్ముల చేతి దెబ్బలు. అందులోనూ తన వాటాయే పెద్దదని అండాలు నమ్మకం.

మొగుడు సైదులు కొట్టినప్పుడల్లా "బర్రె పొడిచింది" అని చెప్పేది. ఊరు నమ్మినట్టే ఉండేది. కరుణకు ఆ మాట నేర్పింది కూడా ఆమే. అలాంటిది, నిరుడు ఎండాకాలం కరుణ మహిళా సంఘం మీటింగులో లేచి, "నన్ను బర్రె పొడవలే. మా ఆయన కొట్టిండు" అనేసింది.

సంఘం వాళ్లు ఎల్లేష్‌ను పిలిచి గట్టిగా మందలించారు. అక్కడితో ఆగినా బాగుండేది. నల్లగొండ నుంచి రూప అనే పిల్ల దిగింది. ఇళ్లల్లో ఆడవాళ్లు తినే దెబ్బల గురించి ఊరూరా గోడల మీద బొమ్మలు వేస్తుందట. ఏరి ఏరి పాలకేంద్రం గోడనే పట్టుకుంది. పొద్దునా సాయంత్రం మగవాళ్లంతా పాలక్యాన్లతో వరుసకట్టేది దాని ముందే. గోడ నిండా కరుణ ముఖం, పక్కన ఏ పాపం ఎరగని బర్రె, కింద పెద్ద పెద్ద అక్షరాలతో "నన్ను బర్రె పొడవలేదు" అన్న మాట. అదీ రూప అనుకున్న బొమ్మ.

బొమ్మ కంటే ముందు గోడకు ఎర్రగా జాజు పూయాలి. అందుకు అండాలునే పిలిచారు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఎక్కువ దెబ్బలు తిన్నది తను. ఆ అబద్ధం పుట్టించింది తను. ఇప్పుడు గోడ పూసేదీ తనే. బొమ్మ మాత్రం దానిదా? జాజులో తుమ్మబంక కలపకపోతే గోడను పట్టదని అండాలుకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కలపలేదు. పైకి మాత్రం చూసినవాళ్లు మెచ్చుకునేలా నున్నగా పూసి వచ్చింది.

బొమ్మ పూర్తయ్యాక అండాలు పాలకేంద్రం దారి మానేసి, చుట్టు తిరిగి చేనుకు పోయేది. ఆ కుళ్లులో పడి అసలు సంగతి గమనించలేదు. వరుసలో నిలబడ్డ మగవాళ్లు ఒకరినొకరు ఆటపట్టించడం మొదలుపెట్టారు. "ఏం సైదులూ, మీ బర్రె ఇప్పుడు పొడుస్తలేదా?" అని ఎవరో ఒకరు అనేవారు. సైదులు తల వంచుకుని పాలు పోసి వచ్చేవాడు. ఇంట్లో చెయ్యెత్తినా ఏదో గుర్తొచ్చినట్టు దించేసేవాడు. వయసు మళ్లి మెత్తబడ్డాడని అండాలు అనుకుంది.

ఆ ఏటి తొలి వానకే జాజు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. కరుణ ముఖం, బర్రె, అక్షరాలు అన్నీ కలిసి గోడ మొదట్లో ఎర్రటి బురదయ్యాయి. ఆ రోజు అండాలు పనిగట్టుకుని పాలకేంద్రం ముందు నుంచి నడిచింది. దాచడమెందుకు, ఆమె ప్రాణానికి హాయిగా ఉంది.

వారం తిరగలేదు. కూర చల్లారిందని సైదులు చెంప పగలగొట్టాడు. "ఇగ పో, ఏ గోడకు చెప్పుకుంటవో చెప్పుకో" అన్నాడు. అప్పుడు తెలిసింది అండాలుకు, ఇన్నాళ్లూ ఆ చేతిని ఆపింది ఏమిటో. అంతలో పక్క వాకిట్లో నుంచి ఎల్లేష్ అరుపులు, కరుణ ఏడుపు వినిపించాయి. ఆ ఏడుపును తన ఏడుపుతో పోల్చుకోవాలని ఆమెకు మొదటిసారి తోచలేదు.

మర్నాడు పొద్దున తుమ్మబంక నానబెట్టి, జాజులో కలిపి, బకెట్టు పట్టుకుని గోడ దగ్గరికి పోయింది. వాచిన చెంపకు కొంగు అడ్డం పెట్టుకోలేదు. పాలు పోయడానికి వచ్చిన కరుణ ఆ చెంప చూసి ఆగిపోయింది.

"ఏమైందక్కా?"

వరుసలో మగవాళ్లందరూ ఉన్నారు. సైదులూ ఉన్నాడు. అలవాటుకొద్దీ బర్రె అండాలు నాలుక దాకా వచ్చింది.

"మీ బావ కొట్టిండు" అంది, అందరికీ వినబడేలా. తర్వాత గొంతు తగ్గించింది. "పోయినసారి జాజుల బంక కలపలే కరుణా. నీ బొమ్మ నిలవొద్దని."

"ఎందుకక్కా?"

"ఓర్వలేక."

కరుణ కాసేపు ఆమె ముఖంలోకి చూసింది. పాలక్యాను పక్కన పెట్టి, బకెట్టులోని గుడ్డ తీసి గోడకు పూయడం మొదలుపెట్టింది.

కబురందుకుని రూప మళ్లీ వచ్చింది. ఆరిన గోడను అరచేత్తో రుద్ది చూసుకుంది. రంగు అంటలేదు.

"ఈసారి ఎవరి ముఖం వెయ్యమంటరు?" అని అడిగింది.

"ఇద్దరిది" అంది కరుణ.

అండాలు గోడ కొలత చూసింది, కరుణను చూసింది.

"నాది జర పెద్దగ గియ్యి బిడ్డా" అంది. "దెబ్బలు నాకే ఎక్కువ."