అర చుట్టు ఎక్కువ

మా అత్తవారింట్లో చిన్న కోడలు బావగారితో ముఖాముఖి మాట్లాడకూడదు. చెప్పాల్సింది ఉంటే భర్తకు చెప్పాలి, బావగారు పక్కనే నిలబడి వింటున్నా సరే. ఆయనా అంతే, నాతో అనాల్సింది మా ఆయనతో అనేవాడు. పెళ్లయి నాందేడ్ వచ్చినప్పటి నుంచి పదమూడేళ్లు అలాగే నడిచింది. అప్పుడు మా ఆయన విమానం కట్టాడు.

కట్టాడంటే నిజంగానే కట్టాడు. పత్తి గోదాములో ఓ మూల మూడేళ్లు కూర్చుని, చెక్క చట్రం చేసి, దాని మీద గుడ్డ బిగించి, పాత కారు ఇంజన్ తెచ్చి ముందు పెట్టాడు. పెళ్లికి ముందు హైదరాబాదులో కొన్నాళ్లు విమానం నడపడం నేర్చుకున్న మనిషి, ఆ పురుగు తొలుస్తూనే ఉంది. బజారంతా నవ్వింది. అనుమతి కోసం బొంబాయికి రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు. జవాబు రాలేదంటే వద్దనలేదనే కదా అన్నాను నేను.

ఇక మిగిలింది స్లో సరిచేయడం. నేలకు దిగేటప్పుడు ఇంజన్‌ను పూర్తిగా తగ్గిస్తారు. అప్పుడు అది ఎంత మెల్లగా తిరగాలో చెప్పేది కార్బురేటర్ పక్కనుండే చిన్న స్క్రూ. మరీ తగ్గిస్తే ఇంజన్ గాలిలోనే ఆగిపోతుంది. మరీ పెంచితే ముందున్న పంకా లాగుతూనే ఉంటుంది, విమానం దిగనంటుంది. మాకున్నది పత్తి ఏరేసి చదును చేసిన పొట్టి చేను, దాని చివర తుమ్మచెట్లు. మా ఆయన ప్రాణం ఆ స్క్రూలో ఉందని నాకు తెలుసు.

పత్తి గింజలు తీసే మా జిన్నింగ్ మిల్లు హోరులో ఆయన చెవులు సగం పోయాయి. నేను ముఖేడ్‌లో పిండిగిర్నీ నడిపే ఇంట్లో పుట్టాను. ఇంజన్‌కు పని ఎక్కువైందో తక్కువైందో వంటింట్లోంచే చెప్పేదాన్ని. అందుకే స్క్రూ నా చేతికిచ్చాడు. ఇంజన్ బాగా వేడెక్కేదాకా ఆగి, తోకకు తాడు కట్టి, తాడుకూ గుంజకూ మధ్య పత్తి తూచే స్ప్రింగు కాంటా తగిలించాను. చెవి సరేనన్నచోట తిప్పడం ఆపి చూస్తే ముల్లు ఎనిమిది కిలోల దగ్గర నిలబడింది. పంకా అంతే లాగితే విమానం ఉన్నచోటు వదలదు.

"తమ్మీ, నీ పెండ్లానికి చెప్పు," అన్నాడు బావగారు. "గిది జొన్నలు పట్టే గిర్నీ కాదు. గంత సన్నగ తిరిగితే మీద ఆగిపోతది. ఇంకింత పెంచుమను."

"మీ అన్నకు చెప్పుండ్రి," అన్నాను మా ఆయనతో. "చల్లగున్నప్పుడు పెంచితే వేడెక్కినంక ఉరుకుతది. పెంచేది లేదు."

మా ఆయన ఇద్దరికీ తలాడించాడు.

ఎగిరే రోజు పొద్దున చలి గట్టిగా ఉంది. చేనులోకి గొడ్లు రాకుండా చూడడానికి నేను తుమ్మచెట్ల దగ్గరికి వెళ్లాను. ఇంజన్ రెండుసార్లు అంటుకుని ఆగిపోవడం అక్కడికి వినిపించింది. మూడోసారి అంటుకుంది. చక్రాలు నేల వదిలాయి. నవ్విన బజారంతా గట్టు మీద నిలబడి నోరు తెరిచింది. నాకు గర్వంతో ఏడుపొచ్చింది.

ఊరి వైపు ఒక చుట్టు తిరిగి దిగడానికి వచ్చాడు. ఇంజన్ తగ్గించాడు. ఆ చప్పుడు విన్నాను. అది నేను పెట్టిన స్లో కాదు. విమానం నడుమెత్తున తేలుతూ, చేనంతా దాటి నా మీదికే వస్తోంది. చక్రాలు నేలను తాకవు. పక్కకు దూకాను. ఆఖరి క్షణాన ఇంజన్ పెంచి పైకి లేపాడు. తుమ్మకొమ్మలు విరిగి నా ముందు పడ్డాయి. ఆ క్షణానికి నేను విధవనే అనుకున్నాను.

రెండోసారి చేను దగ్గరికి రాగానే ఇంజన్ మొత్తానికే ఆపేసి విమానాన్ని దింపాడు. నేను ఆ చివరి నుంచి పరుగెత్తుకొచ్చేసరికి బావగారు అక్కడే ఉన్నాడు.

"దేవుడు కాపాడిండు," అంటున్నాడు. "చూసినవా తమ్మీ? ఆడదాని చెయ్యి పడితే గిట్లనే అయితది."

నేను మొదటిసారి ఆయన ముఖంలోకి చూశాను. "బావా, స్క్రూ ఎవరు తిప్పిండ్రు?"

బావగారు తమ్ముడి వైపు చూశాడు. మా ఆయన సీట్లోంచి లేవకుండానే, తల వంచుకుని అన్నాడు. "నేనే తిప్పిన. రెండుసార్లు ఆగిపాయె. అర చుట్టు పెంచుమని అన్న అన్నడు."

బావగారి మీద నా కోపం పదమూడేళ్ల పాతది, దానికి అలవాటుపడ్డాను. ఈ కోపం కొత్తది. ఇన్నేళ్లు మా ఇద్దరి మధ్య మాటలు మోసిన మనిషి, ప్రాణం మీదికొచ్చిన రోజున నా ఒక్క మాటనూ కింద పడేశాడు.

"దిగుండ్రి," అన్నాను. దిగాడు. చక్రాల కింద రాళ్లు పెట్టించాను. ఆయనతోనే పంకా తిప్పించి ఇంజన్ అంటించాను. వేడి మీదే ఉన్న ఇంజన్ అంటుకుని ఉరికింది. అందరి ముందూ స్క్రూను అర చుట్టు వెనక్కి తిప్పాను. కొంగు నడుముకు దోపి, ఎక్కి ఆయన సీట్లో కూర్చున్నాను.

"తమ్మీ, దింపు ఆమెను," అని అరిచాడు బావగారు.

ఇంజన్ పూర్తిగా పెంచి, ఒక్కసారిగా తగ్గించాను. చప్పుడు పడిపోయింది, ఆగినంత పని చేసింది, ఆగలేదు. మెల్లగా, సమంగా తిరగసాగింది.

"రాళ్లు తీయుండ్రి," అన్నాను మా ఆయనతో. తీశాడు. విమానం ఉన్నచోటే నిలబడింది.

బావగారు రెక్క దగ్గరికి వచ్చాడు. తమ్ముడి వైపు చూడలేదు. "దిగమ్మా," అన్నాడు, నాతో.

నేను దిగలేదు.