ఏ కోవకూ రాని పాట

గురజాల వెంకటప్పయ్య మాస్టారు పాఠం మొదలెడితే బడి పక్క చేలో ఆయిల్ ఇంజను కూడా తనంతట తానే ఆగి వినేదట. డీజిలు అయిపోయి ఆగిందనేవాళ్ళూ లేకపోలేదు. వాళ్ళంతా తెలుగులో తప్పినవాళ్ళే.

ఆయనకు పేరు తెచ్చింది ఒక్క పాఠం. పూర్వపు పండితులు మన వాఙ్మయాన్ని మూడు కోవలు చేశారు. వేదం రాజులా ఆజ్ఞాపిస్తుంది. పురాణం స్నేహితుడిలా నచ్చజెబుతుంది. కావ్యం ప్రియురాలిలా లాలించి దారికి తెస్తుంది. ఇది చెబుతూ మాస్టారు మూడు గొంతులు మార్చేవారు. ఇంట్లో మాత్రం మొదటి గొంతే.

ఆయన భార్య మహాలక్ష్మి సొంత చేలో మిరప కోతలప్పుడు పాట ఎత్తుకుంటే కూలీల చేతులు రెండింతలు ఆడేవి. మాస్టారికి అది తలవంపులు. ఆమె ఎత్తుకోవడం ఆలస్యం, గట్టు మీది నుంచి కేకేసేవారు.

"ఏమే! వేదమా, పురాణమా, కావ్యమా? ఏ కోవకొస్తదే అది? పంతులు పెళ్ళానివి, ఆ అరుపులేంది?"

కొన్నాళ్ళకు ఆమె మానేసింది. వంటింట్లో కూడా కూనిరాగం లేదు. తన మాటకున్న బలానికి మాస్టారు చాలా ఏళ్ళు మురిసిపోయారు.

మొన్న కూతురి కూతురు జ్యోతిర్మయి నరసరావుపేట కాలేజీ నుంచి వచ్చి ఫోను ముందు పెట్టింది.

"అమ్మమ్మా, నీ కోతల పాట రికార్డ్ చేసుకుంటా. కాలేజీలో పాడాలి."

"రాదు లేవే," అంది మహాలక్ష్మి, కందిపప్పు చెరుగుతూ.

"పాడవే!" అన్నారు మాస్టారు. అలవాటు. ఆమె తలెత్తలేదు. "పిల్ల ఆశపడి వచ్చింది గదా," అని సర్దిచెప్పారు. అదీ పారలేదు. చివరికి పక్కన కూర్చుని, ఆమె చేతిలో చేట మెల్లగా తీసి కింద పెట్టి, "లచ్చమ్మా..." అన్నారు.

"తాతయ్యా, మూడో గొంతు!" జ్యోతిర్మయి పకపకా నవ్వింది.

మహాలక్ష్మికీ నవ్వొచ్చింది. "అలిగి కాదయ్యో. నిజంగానే పోయింది. పాడకుండా దాస్తే ఉండడానికి అదేమన్నా ఆవకాయా?"

మాస్టారు గొంతు సవరించుకుని తనకు గుర్తున్నది అందించారు. "ఎర్రెర్ర చేలోన ఎండెంత చెల్లీ..."

"ఆఁ, అదే!" మహాలక్ష్మి కళ్ళు మెరిశాయి. "తర్వాత? చెప్పయ్యా, అందుకుంటా."

వేల పద్యాలు నిలిచిన బుర్రలో మాస్టారు వెతుక్కున్నారు. ఆమె ఆశగా ఆయన నోటికేసే చూస్తోంది.

"తెలీదే," అన్నారు చివరికి. "ఏనాడన్నా ముందుకు పాడనిస్తే గదా నేను."