నిప్పు పెట్టే ముందు

ఆ మధ్యాహ్నం ఆ కంపకుప్పలో నేనున్నానని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు.

సారంగాపూర్‌లో మా పక్కింటి పెద్దమ్మ గుట్ట కింద అడవి కొట్టి చేను చేసుకునేది. నరికి దున్నుకొమ్మని అన్నలు, అంటే నక్సలైట్లు, చెప్పిన రోజులవి. ఫారెస్టోళ్లు చూస్తే మాత్రం కేసే. ఎండిన కంపకు నిప్పు పెట్టే ముందు ఆమె కట్టెతో బాదుతూ కుప్ప చుట్టూ తిరిగేది.

“నిప్పు వెడ్తున్న, పోయేటోళ్లు పోండ్రి.”

“పాములకు గూడ దండోరనా వదినె?” అని మా బాపు నవ్వేవాడు.

“గవి మనకంటె ముందుగాల్ల ఉన్నయి గద” అనేది.

పుస్తకం పట్టుకున్న ఆడపిల్ల కనిపిస్తే అన్నల్లో కలుస్తుందని పోలీసులు ఆరా తీసేవారు. అందుకే నేను ఆ కొమ్మల చాటున దూరి చదువుకునేదాన్ని. ఆ రోజు అక్కడే నిద్రపోయాను. కట్టె దెబ్బలకు, ఆమె కేకకు మెలకువ వచ్చి పాకుతూ బయటపడ్డాను.

అడవిని చేను చేస్తే ఎంత పొగ గాలిలో కలుస్తుందో దేశాలు లెక్కగడతాయని జగిత్యాల కాలేజీలో ఈ మధ్యే చదివాను. పెద్దమ్మ పొగ కూడా ఆ లెక్కలో ఉండే ఉంటుంది. అందులో నేను కలిసిపోకుండా లేపింది ఆమె కేకే.

ఆ వారమే మేం కోరుట్లకు మారాం. ఆమెను మళ్లీ చూడలేదు. ఆ రోజు నా చేతిలో పుస్తకం చూసి, మండే కొరివిని దూరంగా పట్టుకుంది.

“లోపట ఇంకెవలన్న ఉన్నరా బిడ్డా?”

లేరని తల అడ్డంగా ఊపాను.

“అయితె ఇంటికి పో. నువ్వు నన్ను జూడలే, నేను నిన్ను జూడలే.”