బుధవారం గదిలో ఇచ్చిన మాట

ఆమె పోస్టాఫీసులో రిజిస్టరు ఉత్తరాల కిటికీ దగ్గర ఇరవై ఆరేళ్లుగా కూర్చుంటోంది. చర్చిలో అందరూ పోస్టక్క అంటారు. నాలుగు చర్చిలకు ఒక్కరే ఫాదర్ కావడంతో, విచారణ పనులు, అంటే ఆ చర్చిల బాగోగులు చూడడానికీ బాధల్లో ఉన్నవాళ్ల మాట వినడానికీ మామూలు విశ్వాసుల్లోంచి పదకొండు మందిని ఎంచి పది శనివారాలు తర్ఫీదు ఇచ్చారు. వాళ్లలో పోస్టక్క ఒకతి.

"ఊళ్లోవాళ్ల గోడు వినడానికి కోర్సు చేస్తున్నావు. మొగుడి మాట వినడానికి ఎన్ని శనివారాలు కావాలో?" అన్నాడు లాండ్రీలో పనిచేసే భర్త.

"నీకు శనివారాలు చాలవు. నీ మాట వినడానికి డిగ్రీయే చెయ్యాలి."

తర్ఫీదు ఇచ్చిన కాన్వెంటు సిస్టర్ గట్టి మనిషి. సలహా నోటిదాకా వస్తే మింగేయమనేది. ఎదుటివాళ్లు ఏడుస్తుంటే నీళ్ల గ్లాసు కూడా వెంటనే అందించొద్దు, అది ఏడుపు ఆపమన్నట్టే అవుతుంది అనేది. విన్న మాటను విన్నట్టే తిరిగి చెప్పించేది. అందులో పోస్టక్కను మించినవాళ్లు లేరు.

ఆరో శనివారం పోస్టాఫీసులో తనిఖీ ఉండి ఆమె క్లాసుకు పోలేకపోయింది. తోటి శిష్యురాలైన ఓ నర్సు తన నోట్సు ఫోటో తీసి పంపింది. పేజీ అడుగున గీత గీసిన వాక్యం ఒకటి ఉంది: ఇక్కడ విన్నది ఎవరికీ చెప్పకూడదు. పోస్టక్క దాన్ని తన పుస్తకంలోకి ఎక్కించుకుంది. కాగితం వెనకవైపు ఏముందో ఫోటోలో లేదు. ఆమె అడగనూ లేదు.

కోర్సు అయ్యాక ప్రతి బుధవారం సాయంత్రం ఆమెకు ఓ గది కేటాయించారు. విరిగిన బెంచీలు పడేసే గది. రెండు కుర్చీలు, ఓరగా తెరిచిన తలుపు. మూడో బుధవారం స్కూలు వ్యాను డ్రైవరు వచ్చాడు. భారీ మనిషి. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"అక్కా, ఇది ఫాదర్ చెవిలో పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం లాంటిదే కదా?"

"అంతే తమ్ముడూ. ఈ గది దాటదు."

"మాటేనా?"

"మాటే."

అతను తలుపు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "బండి నడుపుతుండగా రెండుసార్లయిందక్కా. కళ్లు తిరగడం కాదు, అసలు నేనే లేను. తెలివొచ్చేసరికి వ్యాను గోడను ఒరుసుకుంటూ పోతోంది. పిల్లలు కేకలు. సరదాకి చేశాననుకున్నారు. 'అంకుల్, మళ్లీ చెయ్యి' అంటున్నారు."

"డాక్టరుకి చూపించావా?"

"చూపిస్తే లైసెన్సు ఉంటుందా?"

పోస్టక్క నేర్చుకున్నట్టే చేసింది. "అసలు నేనే లేనంటున్నావు" అంది.

"అవునక్కా." అతని భుజాలు దిగాయి. "ఇప్పుడు తేలిగ్గా ఉంది. మళ్లీ అయితే నీకే వచ్చి చెప్తా."

ఆ వ్యానులో పంతొమ్మిది మంది పిల్లలు. మర్నాటి నుంచి పోస్టాఫీసు ముందు ఏ బండి బ్రేకు కీచుమన్నా ఆమె చేతిలో ముద్ర ఆగిపోయేది. ఒక కవరు మీద రెండుసార్లు ముద్ర కొట్టింది. రెండోదాని మీద అసలు కొట్టలేదు. ఇంట్లో భర్త ఏమైందని అడిగితే తలనొప్పి అంది.

తర్వాతి బుధవారం డ్రైవరు లోపలికి వస్తూనే చెప్పాడు. "మూడోసారి. స్కూలు గేటు ముందే."

ఆ రాత్రి ఆమెకు నిద్ర లేదు. తెల్లారి పూజ అవ్వగానే ఫాదర్‌ను పట్టుకుంది. "విన్న మాట మోయలేకపోతే ఏం చెయ్యాలి ఫాదర్? పాపసంకీర్తనంలాగా విన్నాను."

ఫాదర్ ముఖం మారిపోయింది. "పాపసంకీర్తనం వినే అధికారం నీకెవరిచ్చారమ్మా? అది ఫాదర్ల పని. ప్రాణాల మీదికొచ్చే మాటైతే చెప్పి తీరాలని సిస్టర్ ఆరో వారం చెప్పలేదూ?"

"ఆరో వారం నేను రాలేదు" అంది పోస్టక్క. తర్వాత మొత్తం చెప్పింది. మొదటిసారి విని ఎనిమిది రోజులు, రోజుకు రెండు ట్రిప్పులు. ఆమె లెక్క వేస్తుండగానే ఫాదర్ స్కూలుకు ఫోన్ చేశారు. మధ్యాహ్నానికల్లా డ్రైవరు చేతిలోంచి వ్యాను తాళాలు తీసుకున్నారు.

బుధవారం అతను వచ్చాడు. కూర్చోలేదు.

"మాటిచ్చావు కదక్కా."

"ఇవ్వకూడని మాట ఇచ్చాను. తప్పు నాదే. పద తమ్ముడూ, డాక్టరు దగ్గరికి నేనూ వస్తా."

"దేనికి? అక్కడ విన్నది కూడా మోసుకెళ్లి చెప్పడానికా?" తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నాడు. "ముందే చెప్పి ఉంటే సరిపోయేది కదా, ఇది చెప్పుకునే చోటు కాదని. చెప్పేవాణ్నే కాదు."

తర్వాత రెండు బుధవారాలు ఆ గదికి ఎవరూ రాలేదు. మూడు వారాలు తిరిగేసరికి, పొద్దున్న పోస్టాఫీసుకు వెళ్తుంటే సిగ్నల్ దగ్గర ఓ నీళ్ల ట్యాంకరు ఆగి ఉంది. స్టీరింగు వెనక అతనే. ఆమెను చూశాడు. అద్దం పైకెత్తుకున్నాడు. పచ్చదీపం పడగానే ట్యాంకరు మార్కెట్టు జనంలోకి తిరిగింది.

ట్యాంకు మీద రాసి ఉన్న నంబరుకు పోస్టక్క అక్కడే నిలబడి ఫోన్ చేసింది. ఈసారి ఫాదర్‌ను అడగలేదు.

"కొత్త డ్రైవరా? మంచి పనివాడమ్మా. నువ్వెవరు, వాడి భార్యవా?" అన్నాడు ట్యాంకరు యజమాని.

"కాదు. అతనికి బండి నడుపుతుండగా స్పృహ పోతుంది. నాకు తెలుసు. ఇప్పుడే ఆపించండి."

"ఎవరు చెప్పారు?"

"అతనే."

"ఉండు, ఇంకో ఫోన్లో వాణ్నే అడుగుతా." కాసేపు మాటలు దూరంగా వినిపించాయి. మళ్లీ ఆయన గొంతు దగ్గరికొచ్చింది. "అలాంటిదేం లేదంటున్నాడమ్మా. నువ్వెవరో కూడా తెలీదంటున్నాడు. పెట్టేయనా? వాడు బండి నడుపుతూనే మాట్లాడుతున్నాడు."