హంతకుడి పేరు చెప్పని టీచర్

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన ఏడాది, వానలు బాగా పట్టుకున్న రోజుల్లో రాజేశ్వరి టీచర్‌ని నా దగ్గరికి తీసుకొచ్చారు. నేను పోర్ట్ బ్లెయిర్‌లో స్పీచ్ థెరపిస్టుని. డెలానీపూర్‌లో నాదో చిన్న గది. రెండు కుర్చీలు, గోడకు పెద్ద అద్దం, బొమ్మల కార్డులు, అంతే సరంజామా. నత్తి ఉన్న పిల్లలూ, పక్షవాతం వచ్చి మాట పడిపోయిన పెద్దలూ ఆ అద్దం ముందే కూర్చుంటారు.

టీచర్‌కి వచ్చింది ఎఫేజియా. మెదడులో మాటలకు సంబంధించిన భాగం దెబ్బతింటే వస్తుంది. చెప్పాలనుకున్నది లోపల ఉంటుంది, నోటి దాకా రాదు. దానికి తోడు కుడిచెయ్యి పడిపోయింది కాబట్టి రాసి చూపించే దారీ లేదు.

ఆవిడ నాకు కొత్త కాదు. రిటైరయ్యాక ఒక డిటెక్టివ్ నవల మొదలుపెట్టి, డిగ్నాబాద్‌లోని ఒక హాల్లో ఆదివారం సాయంత్రాలు తనే చదివి వినిపించేవారు. మా దీవుల్లో కుర్రకారు తెలుగు గలగలా మాట్లాడతారు గానీ పుస్తకం చేతికిస్తే నీళ్లు నములుతారు. అందుకని ఈ ఏర్పాటు. చేపలమ్మే ఆడవాళ్లు, ఆఫీసు ఉద్యోగులు, వాళ్ల పిల్లలు, అందరూ వచ్చేవారు. నేనూ వెళ్లేదాన్ని.

కథ తెల్లదొరల కాలం నాటిది. రాస్ దీవిలో పెద్ద దొర బంగళాలో బట్లర్‌ని ఎవరో చంపేస్తారు. ఆ కేసు తేల్చేది పోలీసు కాదు, యావజ్జీవ శిక్ష పడి సముద్రం దాటి వచ్చిన కేశవరాయుడనే ఖైదీ. ఖైదీ మాటకు విలువ లేదు. అందుకని నిజం తను చెప్పకుండా, ఎదుటివాళ్ల నోటితోనే చెప్పించాలి. ఆ ఒక్క ఊహకే టీచర్‌కి దండం పెట్టాలనిపించేది. హంతకుడు బయటపడే ఆఖరి భాగం ఒక్కటే మిగిలి ఉండగా ఆవిడ మాట పడిపోయింది.

భర్త సింహాచలం గారు ఓడల మీద సరంగుగా, అంటే కళాసీల పెద్దగా, చేసి రిటైరైన మనిషి. ఆ రోజు పూర్తిగా డీలాపడి ఉన్నారు.

"పాపా, దీనికి కథ గుర్తు నేదు, బిల్కుల్ నేదు. బట్లర్ని ఎవులు సంపినారే అంటే మొగం తిప్పేసుకుంతంది. హాల్లో వోళ్లు రోజూ అడగతన్నారు. మా తమ్ముడు ఆఖరి భాగం తనే రాసేత్తానంతన్నాడు. సరే రాయిరా అనీమంతావా?"

టీచర్ ఎడమచెయ్యి కుర్చీ పట్టెను గట్టిగా పట్టుకుంది.

తలూపితే చాలనే చిన్న ప్రశ్నలతో మొదలుపెట్టాను. ఇది గ్లాసా? అవును. మీ ఇల్లు గరాచర్మలోనా? కాదు. అన్నీ సరిగ్గా చెప్పారు. తర్వాత కథలోని అనుమానితుల దగ్గరికి వచ్చి, "బట్లర్‌ని చంపింది కాంపౌండరా?" అన్నాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. "దొరసానా?" అదే వరస.

"సూసినావా!" అన్నారు సింహాచలం గారు.

నాకెందుకో అనుమానం వచ్చింది. మరిచిపోయిన మనిషి కంగారు పడుతుంది, వెతుక్కుంటుంది. ఈవిడ పెదవి చివర సన్నటి నవ్వు ఉంది. కేశవరాయుడు ప్రాణం పోయినా పారిపోయే రకం కాదని హాలుకంతా తెలుసు. కావాలనే ఒక రాయి వేశాను.

"కేశవరాయుడు ఆ రాత్రే పడవెక్కి పారిపోయాడు కదా టీచర్?"

"ఝూట్!"

కుర్చీ మీద ఒక్క చరుపు చరిచి మరీ అబద్ధమన్నారు. జబ్బు పడ్డాక ఆవిడ నోట వచ్చిన మొదటి మాట అది. "జల్మంతా తెలుగు సెప్పి, ఇప్పుడు హిందీలో తిడతావేటే!" అంటూ సింహాచలం గారు నవ్వబోయి ఏడ్చేశారు.

"హంతకుడెవరో మీకు తెలుసు. ముందే చెప్పకూడదని బిగబట్టారు. అంతేనా?" అన్నాను.

టీచర్ తలను నిండుగా ఊపారు. ఇంత జబ్బులోనూ కథ గుట్టు కాపాడుతున్న ఆ మనిషిని చూస్తే నాకు ఒళ్లు పులకరించింది.

తర్వాత నెలల తరబడి పేర్లు సాధన చేశాం. పేరులోని మొదటి శబ్దం నేను అందిస్తే మిగతాది ఆవిడ అందుకోవాలి. దాన్ని మేం క్యూ ఇవ్వడం అంటాం. ఆఖరి రోజుకు పనికొచ్చే పేరు ఒక్కటి చాలు కదా అన్నాను. ఆవిడ వినలేదు. అనుమానితులందరి పేర్లూ నేర్పమని సైగలతోనే పట్టుబట్టారు. ఏ పేరు దగ్గర ఎక్కువ కష్టపడుతున్నారో గమనించి కూపీ లాగుదామనుకున్నాను. కనిపెట్టేశారు. మర్నాటి నుంచి అన్ని పేర్లకూ ఒకేలా ఆపసోపాలు పడ్డారు!

తమ్ముడుగారి ముగింపు అక్కర్లేకుండానే ఒక ఆదివారం హాలు నిండింది. సింహాచలం గారు పాత భాగాలు మళ్లీ చదవసాగారు. పక్కన కూర్చున్న టీచర్ ఒకచోట ఎడమచెయ్యి ఎత్తారు. ఆయన ఆగి ఆ వాక్యం మళ్లీ చదివారు. వాన గురించి దొర అన్న మామూలు మాట అది, ఇదివరకు ఎవరం పట్టించుకోలేదు. కాసేపటికి ఇంకోచోట చెయ్యి లేచింది, తర్వాత మరోచోట. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి.

వెనక వరసలోంచి చేపలమ్మే నూకాలమ్మ లేచి నిలబడింది. "ఓయమ్మ! అయితే సంపింది..." అని పేరు చెప్పేసింది. హాలంతా ఒక్కసారి హోరెత్తింది.

అప్పుడు తట్టింది నాకు. కేశవరాయుడు చేసిన పనే టీచర్ చేశారు. తన మాట చెల్లనిచోట నిజాన్ని మా నోటితో చెప్పించారు. గోల సద్దుమణిగేదాకా ఆగి, నేను క్యూ ఇవ్వకుండానే ఆ పేరు తనూ పలికారు. ఒక్క అక్షరం తడబడలేదు. నేను సిగ్గుపడకుండా ఏడ్చాను.

అప్పటి నుంచి పేషెంటు మౌనంగా ఉంటే మాట రావడం లేదని వెంటనే తేల్చేయను. చెప్పడం ఇష్టం లేదేమో, ముందు అది చూస్తాను. నా చదువులో ఎవరూ నేర్పని ఈ సంగతి టీచర్ నోరు మెదపకుండా నేర్పారు.

ఈ అనుభవం రాస్తున్నానని తెలిసి ఆవిడ నిన్న భర్తతో ఫోన్ చేయించారు. గరాచర్మలో కొత్తవాళ్లకు ఆ నవల మళ్లీ వినిపించబోతున్నారట, సింహాచలం గారు చెప్పారు. తర్వాత ఫోన్ టీచర్ తీసుకున్నారు. మాట కోసం వెతుక్కుంటున్న చప్పుడు వినిపించింది. నేను క్యూ ఇవ్వకుండా ఆగాను.

"పేరు... రాయకు," అన్నారు.