ఎస్తేరు మేడం ముందుగా అడిగే మాట

వానల్లో అడవిలో ఉండి వచ్చిన ప్లాస్టిక్ పెట్టె మూత తీస్తే ఒక వాసన గుప్పుమంటుంది. తడిమట్టి, చీమలు, పాత జిగురు కలిసిన వాసన. ఈ ఉదయం సెమిలిగుడలోని మా వర్క్‌షాపులో అలాంటి పెట్టె ఒకటి తెరిచి, పని ఆపేసి అలాగే కూర్చుండిపోయాను. ఎవరైనా ముక్కు మూసుకునే వాసనే అది. నాకు మాత్రం ఎస్తేరు మేడం గుర్తొచ్చి కడుపు నిండినట్టయింది.

ఆమె నా మొదటి బాస్. తాతల నాడు బళ్లో పాఠాలు చెప్పడానికి కోస్తా నుంచి కొరాపుట్ వచ్చిన కుటుంబం వాళ్లది. ఆఫీసులో ఇంగ్లిషు, సంతలో అక్కడి కొండవాళ్ల దేశియా భాష మాట్లాడేది. కోపమొచ్చినా ప్రేమొచ్చినా మాత్రం మన ఉత్తరాంధ్ర తెలుగే. నేను రాయగడ మునిసిపాలిటీ పంపు ఆపరేటరు కూతుర్ని. ఇంజనీరింగ్ పట్టా కొత్తగా చేతికొచ్చి, నేల మీద కాలు నిలవని రోజులవి.

మా పని కొల్నార వైపు కొండల్లో. ఒక గెడ్డ, అంటే కొండవాగు, పొడవునా నీటిమట్టం కొలిచే చిన్న పెట్టెలు చెట్లకు కట్టాం. ఒక్కోదానిలో సెన్సర్, బ్యాటరీ, బుల్లి రేడియో. అక్కడ మొబైల్ సిగ్నల్ అందదు. అందుకని ఒక పెట్టె పంపిన కబురును పక్కది అందుకుని, ఆ పక్కదానికి అందిస్తూ దిగువ ఊరి బడి మీదున్న సైరన్‌కు చేర్చాలి. ఆ ఊరివాళ్లు సంతకు వెళ్లాలంటే గెడ్డ దాటాలి. కింద ఎండ కాస్తుండగానే పైన కురిసిన వానకు గెడ్డ పొంగేది. సైరన్ మోగకపోతే మనుషులు కొట్టుకుపోతారు.

అందరూ చేసేట్టే మేమూ కబుర్లన్నిటికీ దగ్గరి దారి వేశాం. దాంతో అన్నీ బడికి దగ్గర్లో ఉన్న ఒకే పెట్టె మీదుగా పోయేవి. పాపం, దాని బ్యాటరీ ఊరికూరికే అయిపోయేది. మిగతావి కులాసాగా ఉండేవి. పెద్ద బ్యాటరీ పెడదామన్నాను.

“పెద్దదెడితే కాస్త ఆలీసంగా సస్తాది, అంతే కదేటి?” అంది మేడం. “దగ్గర్లో ఉండడమే దాని తప్పేటమ్మి, బరువంతా దాని నెత్తినెడతారు?”

ఆ తర్వాత ప్రతి పెట్టే కబురుతో పాటు తనలో మిగిలిన ఛార్జి ఎంతో కూడా చెప్పేలా మార్చాం. నీరసించినదాన్ని కాసేపు పడుకోనిస్తే, కబురు కాస్త చుట్టుదారిన ఓపికున్నవాటి మీదుగా పోయేది. నీరు పెరగకపోతే అనవసరంగా ఏ పెట్టే వాగేది కాదు.

మేడంది మా దగ్గరా అదే పద్ధతి. పొద్దున్నే పని పంచే ముందు, “ఛార్జెంతుంది?” అని అడిగేది. మేం ఒంట్లో ఓపికను బట్టి ఒకటి నుంచి అయిదు దాకా వేళ్లు చూపాలి. నేను ఎప్పుడూ అయిదూ చూపేదాన్ని. ఆ వానాకాలం అమ్మ రాయగడ ఆస్పత్రిలో ఉంది. రాత్రి అక్కడ, పగలు కొండ మీద. ఎవరికీ చెప్పలేదు. ఒక రోజు నేను చెయ్యెత్తగానే మేడం దగ్గరికొచ్చి, తన చేత్తోనే నా వేళ్లు నాలుగు మడిచేసింది.

“మీయమ్మకి బాగోలేదని నాకెందుకు సెప్పలేదు?” అంది. ఆమెకెవరు చెప్పారో నాకు తెలియదు.

“నేను లేకపోతే సైరన్ మోగదు మేడం,” అన్నాను. నిజంగానే అలా నమ్మాను.

“నువ్వు లేకపోతే మోగనిది సైరనేటమ్మి? ఎల్లు. మీయమ్మ కాడికెల్లు.”

నా పని ముగ్గురికి పంచింది. కొండెక్కే పని, మోకాళ్ల నొప్పులున్నా, తనే తీసుకుంది. బస్సులో రాయగడ వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. నన్ను పక్కన పెట్టేసిందనుకున్నాను.

మరుసటి సంత రోజు మధ్యాహ్నం అమ్మకు మజ్జిగన్నం తినిపిస్తుంటే మేడం ఫోను.

“అమ్మీ, మోగింది! దాటబోయినోళ్లందరూ ఒడ్డునే ఆగిపోయేరు. బడి కాడి పెట్టె పడుకునుంది. పక్కదాని మీంచి వచ్చింది కబురు.”

ఫోను పెట్టేసి అమ్మ వైపు తిరిగాను.

“ఏటంట?” అంది అమ్మ.

“నేను లేకపోయినా సైరన్ మోగిందంట.”

“మంచిదే కదే,” అని నవ్వింది అమ్మ. “అయితే ఇంకో ముద్దెట్టు.”

ఇప్పుడు నా కింద కొందరు పనిచేస్తున్నారు. చురుకైనవాళ్ల మీదే అన్నీ వేయాలనిపించినప్పుడల్లా చేయి వెనక్కి తీసుకుంటాను. వాళ్ల ఇళ్లలో ఎవరెలా ఉన్నారో అడుగుతాను. ఆ బుద్ధి ఎస్తేరు మేడం పెట్టిందే. ఆమె రుణం ఎంతటిదో నాకే తెలుసు. ఆ ఏడాది వానలు వెలవకముందే అమ్మ పోయింది. చివరి రోజుల్లో అమ్మ తిన్న ప్రతి ముద్దా నా చేత్తోనే తింది.